పసుపు రింగు బ్రష్

"పోయిన నెల మొదట్లో మీరూ మీ ఆయనా తీసుకెళ్ళిన బ్రష్ ఎలా పనిచేస్తోంది?"

దుకాణం నడిపే లెస్ నా భార్య బ్రాన్‌ని ఈ ప్రశ్న అడిగాడు. అడిగేటప్పుడు నేను ఆమె పక్కనే ఉన్నాను. ఆమె మొగుణ్ణి నేనే. లెస్ చెప్పే ఆ రోజుల్లో నేను అసలు మా ఊరు జెరాల్డ్‌టన్‌లోనే లేను. ఏడెనిమిది వందల కిలోమీటర్ల అవతల, ఇనుప గనిలో, డ్రిల్లు యంత్రం మీద కూర్చుని ఎర్రదుమ్ము మింగుతున్నాను.

ఆ రోజు మేము కరెంటు టూత్‌బ్రష్ కొనడానికి వచ్చాం. అంతకు ముందు రోజు పళ్ళ డాక్టరు ఫెర్నాండో నా నోట్లోకి అద్దం పెట్టి చూసి, నిట్టూర్చి, "ట్రెవర్, మీరు పళ్ళు తోముతున్నారా, పడవకి పెయింటు గీకుతున్నారా?" అని అడిగింది. నా చిగుళ్ళు వెనక్కి జరుగుతున్నాయట. చేతి బ్రష్ మానేసి కరెంటుది కొనుక్కోమంది. గట్టిగా నొక్కితే ఎర్ర లైటు వెలిగేదే కొనమని మరీ మరీ చెప్పింది.

లెస్ కౌంటర్ మీద ఆరు పెట్టెలు పరిచాడు. నేను అన్నిటికంటే చవకది అందుకున్నాను.

"అక్కడ పెట్టు," అంది బ్రాన్. "దానికి లైటు లేదు. నెలకోసారి బ్యాటరీలు మార్చాలి. నువ్వు మారుస్తావా?"

"అయితే ఇది?" ఐదు రకాలుగా తిరిగేదాన్ని చూపించాను.

"నీకున్నది ఒక్క నోరు. ఐదు రకాలెందుకు?"

లెస్ నవ్వి ఇంకో పెట్టె ముందుకి తోశాడు. "ఇది ఫోన్‌తో కలుస్తుందండీ. ఎప్పుడు తోముకున్నారు, ఎంతసేపు తోముకున్నారు, అన్నీ ఫోన్‌లో వచ్చేస్తాయి."

"అది మాత్రం వద్దు లెస్. ఈయన చేతిలో అది పెడితే నేను పళ్ళు తోముకున్న టైము కూడా రాసుకుంటాడు."

అది వేళాకోళమే. కానీ అందులో ముల్లు ఉంది. దాని సంగతి ఇప్పుడే చెబుతాను.

చివరికి బ్రాన్ ఎంచిన సెట్ ఇది: రెండు పిడులు, రెంటికీ కలిపి ఒకటే ఛార్జర్. చిన్న గుండ్రటి తల, వెనక దవడ దాకా పోతుంది. గట్టిగా నొక్కితే ఎర్ర లైటు. ముప్ఫై సెకన్లకోసారి చిన్నగా వణికి, పక్క మార్చమని చెబుతుంది. ఒకసారి ఛార్జి చేస్తే పధ్నాలుగు రోజులు. "నీ షిఫ్టు కూడా పధ్నాలుగు రోజులే కదా, క్యాంపుకి ఛార్జర్ మోయక్కర్లేదు," అంది. మెత్తటి తలల పెట్టె విడిగా తీసింది. అందులో నాలుగు తలలు, నాలుగు రంగుల రింగులు. నాకు నీలం. ఆమెకి ఆకుపచ్చ. గులాబీ, పసుపు మిగిలాయి.

ఎన్నడూ కరెంటు బ్రష్ ముట్టని మనిషికి ఇన్ని ఎలా తెలుసా అని నేను అనుకుంటూ ఉండగానే లెస్ ఆ మాట అడిగాడు. మీరూ, మీ ఆయనా.

బ్రాన్ తొణకలేదు. "బాగుంది లెస్. అది పని మీద కొన్నది. మా ఆయన ఈయన."

లెస్ చెవులు ఎర్రబడ్డాయి. బిల్లు కాగితం మూడుసార్లు మడిచాడు.

కారులో బ్రాన్ తాళం తిప్పకుండా కూర్చుంది. "అడుగు," అంది.

"ఏమడగాలి?"

"లోపల ఉడికిపోతున్నావు కదా, అడుగు."

"నేనేం ఉడకట్లేదు."

"ఒక పేషెంటు కోసం కొన్నాం. నాతో వచ్చింది ఆమె మొగుడు. పేర్లు చెప్పకూడదు, మా ఆఫీసు రూలు నీకు తెలుసు. అంతే."

"సరే అన్నానుగా," అన్నాను. సరే అనడానికి నా దవడ కండరాలన్నీ వాడాల్సి వచ్చింది.

బ్రాన్ ఉద్యోగం ఇళ్ళకి వెళ్ళి, మంచాన పడ్డవాళ్ళకి స్నానం చేయించి, అన్నం తినిపించి రావడం. నాకు తెలిసినంతలో ఆమె పేషెంట్లంతా ఎనభై దాటిన ముసలమ్మలు. ఎనభై ఏళ్ళ ముసలమ్మకి మొగుడుంటే వాడికి తొంభై ఉండాలి. తొంభై ఏళ్ళవాణ్ణి పక్కన చూసి లెస్ 'మీ ఆయన' అనుకుంటాడా? ఇంటికి చేరేసరికి నేను ఈ లెక్క నాలుగుసార్లు వేశాను. నాలుగుసార్లూ ఒకే జవాబు వచ్చింది.

అయినా నోరు విప్పలేదు. విప్పకపోవడానికి కారణం ఉంది. రెండేళ్ళ కిందట బ్రాన్ టెన్నిస్ క్లబ్బులో చేరినప్పుడు, ఆమెతో జంటగా ఆడేవాడెవడో చూద్దామని మూడు సాయంత్రాలు క్లబ్బు వెనక కారులో కాపలా కూర్చున్నాను. మూడో సాయంత్రం వెళ్ళి అతని కాలరు పట్టుకున్నాను. అతను క్లబ్బు కోశాధికారి. అరవై ఎనిమిదేళ్ళు. ఊపిరి అందక మా కారు బానెట్ మీదే కూలబడ్డాడు. బ్రాన్ ఆ రాత్రే అల్బనీలో ఉన్న అక్క గ్లెనిస్ దగ్గరికి, తొమ్మిది గంటలు కారు నడుపుకుంటూ వెళ్ళిపోయింది. ఐదు వారాలకి తిరిగి వచ్చి, గుమ్మంలో నిలబడి ఒకే మాట చెప్పింది.

"ఇంకోసారి నా వెనక వేటకుక్కలా తిరిగావంటే మళ్ళీ అల్బనీ వెళ్తాను ట్రెవ్. ఈసారి తిరిగి రాను."

ఆమె ఉత్తమాటలు చెప్పే మనిషి కాదు. అందుకే రెండేళ్ళుగా నా అసూయని పళ్ళ వెనకే పెట్టి తాళం వేసుకున్నాను. నా చిగుళ్ళు అరిగింది ఊరికే కాదు.

*

మా గనిలో ప్రతి ఉద్యోగానికీ ఇద్దరం. నేను పధ్నాలుగు రోజులు పని చేసి ఇంటికి వచ్చే రోజున నా జోడీ గావిన్ విమానం దిగి నా డ్రిల్లు ఎక్కుతాడు. అతను ఇంటికి వెళ్ళే రోజున నేను వస్తాను. డ్రిల్లు ఒకటే, క్యాంపులో గది ఒకటే, మంచం ఒకటే. దుప్పటి మార్చేసరికి మనిషి మారతాడు. పైగా ఇద్దరిదీ జెరాల్డ్‌టనే. ఆరేళ్ళుగా కలిసి పనిచేస్తున్నాం, మొత్తం మీద ఆరుగంటలు కూడా మాట్లాడుకుని ఉండం. విమానాశ్రయంలో ఎదురుపడితే పది నిమిషాలు, లేదంటే డ్రిల్లు పుస్తకంలో రాసుకునే రెండు ముక్కలు.

బ్రష్ కొన్నాక ఒక షిఫ్టు వెళ్ళి వచ్చాను. ఎర్ర లైటు నాకు బుద్ధి నేర్పుతోంది. ఆ సెలవులో ఒకరోజు, నా బ్రష్ తల వెంట్రుకలు విరిగినట్టు అనిపించి సొరుగు తెరిచాను. తలల పెట్టె ఖాళీ.

"గులాబీ, పసుపు ఏమయ్యాయి?"

"పని దగ్గర ఇచ్చాను," అంది బ్రాన్ బూట్లు వేసుకుంటూ. "వాళ్ళు కొన్నవి గట్టిగా ఉన్నాయి. ఇవి నప్పుతాయేమో చూద్దామని."

రెండు తలలు ఇచ్చింది. పేషెంటుకి ఒకటి. మరి రెండోది? అడగలేదు. తాళం వేసే ఉంది.

తరవాతి షిఫ్టు మొదటి రోజు క్యాంపు గదిలో బ్యాగు దించి, డ్రిల్లు పుస్తకం తీశాను. గావిన్ చేతిరాత: "ఎడమ పెడల్ పట్టేస్తోంది, ఫిట్టర్‌కి చెప్పాను. నా బ్రష్ బాత్‌రూంలో మర్చిపోయాననుకుంటా. పారేయకు గురూ, నా డబ్బాలో పడెయ్."

బాత్‌రూంలోకి వెళ్ళాను. అద్దం కింద అరలో ఉంది. నాలాంటి పిడి. నాలాంటి చిన్న గుండ్రటి తల. అదే మెత్తటి రకం.

పసుపు రింగు.

తరవాత నా బ్రష్ తీసి పళ్ళు తోముకోవడం మొదలుపెట్టాను, చేతులకి ఏదో పని కావాలి కాబట్టి. ఎర్ర లైటు వెలిగింది. ఆర్పాలన్నా ఆరలేదు.

గావిన్‌కి ఏ జబ్బూ లేదు. ఎద్దులా ఉంటాడు. వయసు నలభై ఎనిమిది, నాకంటే రెండేళ్ళు చిన్న. లెస్ లాంటివాడు చూస్తే, ఆ, 'మీ ఆయన' అనుకునే వయసే. అన్నిటినీ మించి, నేను గనిలో ఉన్న ప్రతి రోజూ అతను మా ఊళ్ళో ఉంటాడు. కంపెనీయే లెక్కగట్టి, టికెట్టు కొనిచ్చి, నన్ను ఇంట్లోంచి పంపించిన రోజునే అతన్ని ఊళ్ళో దించుతుంది. ఏ దొంగకీ ఇంత పక్కా ఏర్పాటు దొరకదు.

సాయంత్రం మెస్‌లో షార్టీ నా ఎదురుగా పళ్ళెం పెట్టాడు. షార్టీ ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, అందుకే పొట్టోడని ఆ పేరు.

"ఏం బావా, నీ సవతి పక్క సర్ది పెట్టి వెళ్ళాడా?"

క్యాంపులో ఇది పాత జోకు. మంచం పంచుకునే జోడీని అందరూ సవతి అనే అంటారు. ఆరేళ్ళుగా నవ్వుతూనే ఉన్నాను.

"ఒకే మంచం, ఒకే డ్రిల్లు, ఒకే ఊరు," షార్టీ వేళ్ళు మడిచాడు. "ఇంకా పంచుకోడానికి ఏం మిగిలిందిరా మీకు?"

బల్ల బల్లంతా నవ్వింది. నేనూ నవ్వాను. తరవాత మామూలుగా అడుగుతున్నట్టు అడిగాను. "గావిన్‌కి పెళ్ళయిందా అసలు?"

"అయిందనే విన్నాను. కానీ ఆ మాటెత్తితే డ్రిల్లు గురించి మాట్లాడతాడు. ఇంట్లో ఏదో తేడా ఉంది. ఈ మధ్య మనిషి తేటపడ్డాడు కానీ. ఈలలు వేస్తున్నాడు కూడా."

ఈలలు.

ఆ రాత్రి గావిన్ పడుకున్న గుంటలోనే పడుకున్నాను. పొద్దున్నే క్యాంపు నర్సు టుయి దగ్గరికి వెళ్ళి, చెంప పట్టుకుని కూర్చున్నాను.

"ఏ పన్ను?"

"ఎడమ వైపు, కింద, ఆఖరిది."

టుయి టార్చి వేసి చూసింది. "వాపు లేదు. రంధ్రం లేదు. ఇంత మంది నోళ్ళు చూశాను, ఇంత శుభ్రమైన పన్ను నొప్పి పెట్టడం ఇదే చూడ్డం."

"లోపల్నుంచి లాగుతోంది టుయి. రాత్రంతా కన్ను మూయలేదు." ఆ రెండో మాట నిజం.

"సరే. ఈ మాత్ర వేసుకుంటే డ్రిల్లు ఎక్కకూడదు. డ్రిల్లు ఎక్కకపోతే నువ్విక్కడ తిండి దండగ. రేపు పొద్దున విమానంలో వెళ్ళి పళ్ళ డాక్టరుకి చూపించుకో."

నేను తలూపాను. నొప్పితో ఊపినట్టే ఊపాను.

*

విమానంలో ఫోన్ ఆపేశాను. దిగాక మళ్ళీ ఆన్ చెయ్యలేదు. చేస్తే నేనెక్కడున్నదీ బ్రాన్ ఫోన్‌లో కనబడుతుంది. టాక్సీ ఎక్కి ఇంటికి వెళ్ళాను. పన్నెండున్నర. కారు లేదు. ఇల్లు తాళం.

లోపలికి వెళ్ళి తిన్నగా పడగ్గది చూశాను. పక్క సర్ది ఉంది. సింకులో ఒకటే కప్పు. తరవాత బాత్‌రూంలోకి వెళ్ళాను.

ఛార్జర్ ఉంది, దాని పచ్చ చుక్క వెలుగుతోంది. దాని మీద ఉండాల్సిన బ్రాన్ పిడి లేదు. ఆకుపచ్చ రింగు తల లేదు.

గొడుగు పట్టుకుని బయటికి వెళ్తారు. సంచి పట్టుకుని వెళ్తారు. పట్టపగలు పళ్ళు తోముకునే బ్రష్ పట్టుకుని ఆడది ఎక్కడికి వెళ్తుంది?

గావిన్ ఇల్లు నేనెప్పుడూ చూడలేదు. కానీ రెండేళ్ళ కిందట విమానాశ్రయంలో అతనన్న మాట గుర్తుంది: "బ్లఫ్ పాయింట్‌లో, సముద్రం వైపు ఆఖరి వీధి. ముందర పాత పడవ ఒకటి బోర్లించి ఉంటుంది. ఎప్పుడైనా బీరుకి రా." నేను ఊళ్ళో ఉంటే అతనుండడు, అతనుంటే నేనుండను. మరి ఆ పిలుపు ఎవరికి? అప్పుడు నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వు రాలేదు.

టాక్సీని వీధి మొదట్లోనే ఆపించాను. దక్షిణపు గాలి ఇసుక విసురుతోంది. బోర్లించిన పడవ కనబడింది. దాని పక్కన బ్రాన్ తెల్లకారు.

ముందు తలుపు కొట్టలేదు. పక్క గేటు గొళ్ళెం చప్పుడు కాకుండా తీసి, చెత్తడబ్బాలు దాటి, పెరటి వైపు నడిచాను. నడుస్తుంటే చప్పుడు వినిపించింది. సన్నటి మోటారు గొణుగుడు. ఒకటి కాదు. మూడు.

వంటింటి వెనక తలుపుకి ఈగల జాలీ ఉంది. దానిలోంచి చూశాను.

బల్ల మీద పెద్ద అద్దం నిలబెట్టి ఉంది. దాని ముందు చక్రాల కుర్చీలో ఒకామె. వయసు నలభై అయిదుకి మించదు. ముఖం ఎడమ సగం కిందికి జారింది, ఎడమ చెయ్యి ఒళ్ళో పడి ఉంది. కుడి చేతిలో గులాబీ రింగు బ్రష్. ఆమెకి ఒక పక్క గావిన్, నోట్లో కొత్త తెల్ల రింగు బ్రష్. పసుపుది క్యాంపులోనే, నేను పడేసిన అతని డబ్బాలో ఉంది కదా. ఇంకో పక్క నా భార్య, నోట్లో ఆకుపచ్చ రింగు బ్రష్. ముగ్గురి నోళ్ళలోనూ నురగ.

బ్రాన్ బ్రష్ పైకి జరిపితే అద్దంలో చూసి ఆమె పైకి జరుపుతోంది. గావిన్ పక్క మారిస్తే ఆమె పక్క మారుస్తోంది. ఒకచోట ఆమె చెయ్యి ఆగిపోయింది. బ్రాన్ ఆమె మణికట్టు కింద రెండు వేళ్ళు పెట్టి, లేపీ లేపనట్టు లేపింది. చెయ్యి మళ్ళీ కదిలింది. గావిన్ నోట్లో నురగతో ఏదో అన్నాడు, ఒక్క ముక్క అర్థం కాలేదు. బ్రాన్ నవ్వింది. నురగ గడ్డం మీదికి జారిపోయేంతగా నవ్వింది.

నేను చూడాలనుకున్నది అక్కడ లేదు. హాయిగా ఊపిరి పీల్చుకోవాలి. పీల్చుకోలేదు. పదహారేళ్ళ కాపురంలో మేమిద్దరం ఒక్కసారి కూడా పక్కపక్కన నిలబడి పళ్ళు తోముకోలేదు. నా పెళ్ళాం గడ్డం మీద నురగ నేనెప్పుడూ చూడలేదు. అది గావిన్ చూశాడు. ఇప్పుడూ చూస్తున్నాడు.

అద్దంలో, చక్రాల కుర్చీలో ఉన్నామె కళ్ళు కదిలాయి. నన్ను చూశాయి. బ్రష్ దించి, జారిన పెదవిని బలవంతంగా పైకి లాగి, ఒక్కో అక్షరం తోసింది.

"ట్రె... వర్."

బ్రాన్ వెనక్కి తిరిగింది. ఇక అల్బనీయే అనుకున్నాను. కానీ ఆమె ముఖంలో కోపం లేదు. తువ్వాలుతో నోరు తుడుచుకుని పరుగున వచ్చి జాలీ తలుపు తీసింది.

"వచ్చేశావా! పన్ను ఎలా ఉంది? ఈ గాలిలో వెనక నుంచి వచ్చావేం, ముందు బెల్లు పనిచెయ్యట్లేదా? పదింటికే టుయి ఫోన్ చేసింది. ఎవరినైనా పంపిస్తే ఇంటికి చెప్పడం వాళ్ళ రూలట. మూడింటికి ఫెర్నాండో దగ్గర టైము తీసుకున్నాను. నా మెసేజ్ చూసే వచ్చావు కదా?"

ఏ మెసేజ్? నా ఫోన్ జేబులో చచ్చి పడి ఉంది.

"చూసే వచ్చాను," అన్నాను.

అంత తేలిగ్గా అబద్ధం ఆడతానని నాకే తెలీదు.

బ్రాన్ భుజాలు వదులయ్యాయి. నా చెంప మీద, నొప్పి ఉండాల్సిన వైపు కాకుండా రెండో వైపు, ముద్దు పెట్టింది. "కొలీన్, చూశావా? నే చెప్పలా, పిలిస్తే వస్తాడని. గావిన్, పందెం ఓడిపోయావు."

గావిన్ నా చెయ్యి ఊపేశాడు. "కూర్చో గురూ. మొదట్నుంచీ నీకు చెప్పమనే అన్నాను. మీ ఆవిడేమో రూలు రూలంది. ఇవాళ కొలీనే కాగితం మీద సంతకం పెట్టింది, ట్రెవర్‌కి చెప్పొచ్చు అని. అలవాటు లేని కుడి చేత్తో పెట్టింది, ఎంత ముద్దుగా పెట్టిందో! కిందటి ఏడాది స్ట్రోక్ వచ్చింది గురూ. క్యాంపులో చెప్పలేదు. చెబితే ఒక్కొక్కడూ ఒక్కో సలహా ఇస్తాడు. పక్కన ఎవరైనా తోముకుంటే తప్ప తను తోముకోదు. అందుకే ఈ భజన బృందం. రోజూ లంచ్‌కి ముందు మొదలు."

"భ... జన," అంది కొలీన్, మూతి సగం నవ్వుతూ.

గుమ్మడికాయ సూప్ పోశారు. పంటినొప్పివాడికని మెత్తగా చేసిన సూప్. నేను బ్రెడ్డు అంచు విరిచి, ఎడమ వైపే కరకరా నమిలాను. బ్రాన్ చూసిందో లేదో తెలీదు. గావిన్ సూప్ గిన్నె ఆమె వైపు జరిపాడు, ఉప్పు ఎక్కడుందో ఆమె అడక్కుండానే అందుకుంది. ఈ ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో నా పెళ్ళానికి తెలుసు. అంతా తెలిశాక కూడా నాలో ఆ పురుగు చావలేదు. స్థలం మార్చుకుంది, అంతే.

*

డాక్టరు ఫెర్నాండో ఎక్స్‌రే తీసింది. పన్ను మీద కొట్టి చూసింది. చల్లగాలి ఊది చూసింది.

"ఏమీ లేదు ట్రెవర్. భేషుగ్గా ఉంది. చిగుళ్ళు కూడా చాలా మేలు. ఈ బ్రష్ ఎవరు ఎంచారు?"

"మా ఆవిడ."

"ఆమె మాట వినండి." బయటికి వచ్చి బ్రాన్‌తోనూ అదే చెప్పింది. "ఒక్కోసారి నొప్పి అలా వచ్చి పోతుంది. కంగారేం లేదు."

బతికిపోయాను అనుకున్నాను. తలుపు నాలుగడుగుల దూరంలో ఉంది.

కౌంటర్ దగ్గర అమ్మాయి అడిగింది. "మీ ఇన్సూరెన్సు కార్డు?"

"పర్సులో..." వెతికాను. లేదు. పోయిన ఏడాది నుంచి అది ఫోన్‌లోనే ఉంటుంది. ఆ ఏర్పాటు చేసింది బ్రానే.

"ఫోన్‌లో ఉంది కదా ట్రెవ్," అంది ఆమె.

వేరే దారి లేదు. మీట నొక్కి పట్టుకున్నాను. తెర వెలిగింది. రెండు క్షణాలు నిశ్శబ్దం.

టింగ్.

టింగ్. టింగ్. టింగ్.

పొద్దున్నుంచి దారిలో ఆగిపోయిన బ్రాన్ మెసేజ్‌లు నాలుగూ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. కౌంటర్ మీద మా ఇద్దరి మధ్య తెర మెరుస్తోంది. ఆమె చదవక్కర్లేదు, రాసింది ఆమే. నేను చదివాను. "టుయి ఫోన్ చేసింది. పాపం, బాగా నొప్పిగా ఉందా?" "నీకో సంగతి చెప్పాలి, చెప్పడానికి ఇవాళే పర్మిషన్ వచ్చింది." "నా పేషెంటు గావిన్ భార్య. తిన్నగా వాళ్ళింటికే రా, సూప్ పెడతాం." నాలుగోదాంట్లో అడ్రసు.

బ్రాన్ ఆ తెర చూసింది. తరవాత నన్ను చూసింది. ఆమె కళ్ళలో ఒక్కొక్కటీ వరసగా చోటుకి చేరడం నాకు కనబడింది: ఆపేసిన ఫోన్, పక్క గేటు, చెత్తడబ్బాలు, కరకరలాడిన బ్రెడ్డు.

"పన్ను నొప్పి లేదు కదూ?" అంది మెల్లగా.

కౌంటర్ అమ్మాయి కంప్యూటర్ వెనక్కి వంగింది.

"లేదు," అన్నాను.

కారులో ఆమె తాళం తిప్పేసింది. ఈసారి అడుగు అనలేదు. ఇంటి ముందు ఆగాక మాత్రం, స్టీరింగు మీద చేతులు ఉంచి, ముందు అద్దంలోంచి బయటికే చూస్తూ అంది. "పిలిచాను ట్రెవ్. ముందు గుమ్మంలోంచి రమ్మని పిలిచాను."

మర్నాడు తెల్లవారాక బ్యాగు సర్దుకుంది. వారం సెలవు పెట్టి అల్బనీ వెళ్తున్నానంది, కొలీన్ దగ్గరికి వేరే అమ్మాయి వెళ్తుందంది. నేను గుమ్మానికి అడ్డం నిలబడలేదు. బ్యాగు కారు దాకా మోశాను.

"ఎన్ని రోజులు?"

"తెలీదు."

"ఈసారి తిరిగి రానన్నావు."

"అన్నాను." డోర్ వేసుకుంది. కిటికీ దించింది. ఇంకేదో అంటుందనుకున్నాను. "ఎల్లుండి నీ విమానం ఆరింటికి. బ్రష్ మర్చిపోకు," అంది. కారు వెళ్ళిపోయింది.

లోపలికి వచ్చి బాత్‌రూం తలుపు తీశాను. ఆమె పిడి లేదు. ఆకుపచ్చ రింగు లేదు. దువ్వెన లేదు, క్రీములు లేవు. అర ఊడ్చినట్టుంది.

ఛార్జర్ ఉంది.

మర్చిపోయిందా? బ్రాన్ వస్తువులు మర్చిపోదు. కావాలనే వదిలిందా? ఆ పచ్చ చుక్క వంక చూస్తూ తొట్టి అంచున కూర్చున్నాను. నిన్న పొద్దున్న నిండా ఛార్జి అయి ఉంటుంది. పధ్నాలుగు రోజులు వస్తుందని లెస్ చెప్పాడు. రోజుకి రెండుసార్లు, రెండేసి నిమిషాలు. కొలీన్‌తో తోముకున్నది ఒకసారి కలుపుకోవాలి. అంటే పదమూడు రోజులు. పధ్నాలుగో రోజు పొద్దున ఆ బ్రష్ ఆగిపోతుంది. ఆమె మోటారు ఆగిన బ్రష్‌తో చేత్తో గీకే మనిషి కాదు. ఛార్జర్ కోసం రావాలి.

గనికి వెళ్ళే బ్యాగులో నా పిడి పెట్టుకున్నాను. ఛార్జర్‌ని ముట్టుకోలేదు. దుమ్ము పడకుండా చిన్న తువ్వాలు కప్పాను, మళ్ళీ తీసేశాను. చుక్క కనబడాలి.

కొంచెం తేలికపడి, టీ పెట్టుకుందామని లేచాను. సగం దారిలో ఆగిపోయాను.

గ్లెనిస్ ఏ బ్రష్ వాడుతుంది?

ఎప్పుడూ గమనించలేదు. అల్బనీలో ఆ బాత్‌రూం అర మీద ఏముంది? ఆమెదీ ఇదే కంపెనీ అయితే? ఆమె ఛార్జర్ మీద బ్రాన్ పిడి సరిగ్గా కూర్చుంటే? ఇరవై రోజులు, ముప్ఫై రోజులు, ఏడాది. అక్కడ ఏదో ఛార్జర్ తెల్లగా, ఖాళీగా, సిద్ధంగా ఉండి ఉంటుంది.

ఫోన్ తీశాను. గ్లెనిస్ నంబరు వెతికాను. అది దొరికాక, నొక్కబోయే వేలిని ఇంకో చేత్తో పట్టుకుని, వంటింట్లో అలాగే నిలబడ్డాను.